కుంట గట్టున ఆగిన ఇంజను

మెట్ట పొలాల చెత్త నుంచి నూనెలూ ఇంధనాలూ తీసే ఫ్యాక్టరీలు వస్తున్నాయని పేపర్లో చదివినప్పుడల్లా నాకు ముందు నీరసం వస్తుంది. సంతోషం ఆ తర్వాత, కాస్త ఆలస్యంగా వస్తుంది. అలాంటిదాంట్లో నేను తొంభైల్లోనే పనిచేశాను. అప్పటికి దానికి ఇంత గొప్ప పేర్లు లేవు. మా వైపు జనం దాన్ని పొట్టు ఫ్యాక్టరీ అనేవారు. ఈ ఉద్యోగాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, యంత్రాల గురించి మీకు తెలియనిది నేను చెప్పగలిగేదేమీ లేదు. ఒక్క రోజు సంగతి చెబుతాను. అది ఏ పుస్తకంలోనూ ఉండదు.

మాది ఉదయగిరి. నాయన మిషన్ స్కూల్లో టీచరు. నెల్లూరులో కెమిస్ట్రీతో బీయస్సీ చేసి, ఆదివారం చర్చికీ మిగతా రోజులు టైపు ఇన్‌స్టిట్యూట్‌కీ తిరుగుతూ ఖాళీగా ఉన్న రోజుల్లో, ఉదయగిరికీ ఆత్మకూరుకీ మధ్య ఈ ఫ్యాక్టరీ పెట్టారు. కెమిస్టు కావాలన్నారు. వెళ్ళి అడిగితే ఇచ్చారు. పొద్దున్నే నెల్లూరు బస్సెక్కి మధ్యలో దిగి, చిల్లకంప ముళ్ళ చెట్ల మధ్య మట్టి రోడ్డు మీద నడిచి పనికి పోయేదాన్ని. ఆడపిల్ల అంత దూరం ఒక్కతే నడవడమేమిటని మా ఇంట్లో కంటే ఎక్కువగా బస్సు కండక్టరు బాధపడేవాడు.

పని చెప్పుకోవడానికి తేలిక. వేరుశెనగ పొట్టు, కందికట్టె, ఆముదపు కట్టె, పొగాకు కాడలు, కంప, ఏది దొరికితే అది తెచ్చి ముక్కలు చేయాలి. పెద్ద ఇనుప కుక్కర్లో పోసి, పలచటి ఆసిడ్‌తో ఆవిరి పెట్టి ఉడికించాలి. పైకొచ్చే ఆవిరిని చల్లబరిస్తే తేనె రంగు నూనె దిగుతుంది. మాడిన బాదంపప్పు వాసన. రెజిన్లు చేసే కంపెనీలు దాన్ని కొనేవి. కుక్కర్లో మిగిలిన నల్లటి పిప్పిని ఆరబెట్టి బాయిలర్లో వేస్తే మళ్ళీ ఆవిరి. ఏదీ వృథా పోదు, కాగితం మీద.

కాగితం మీద చెత్త అంతా ఒకటే. కుక్కర్లో పడ్డాక దేని గుణం దానిది. పొట్టు త్వరగా నూనె ఇస్తుంది. కందికట్టె మొండిది. రెండూ కలిపి వేస్తే కందికట్టె లొంగేలోపల పొట్టు ఇచ్చిన నూనె చెడిపోయి తారు అవుతుంది. పొగాకు కాడల బూడిద బాయిలర్లో కరిగి గాజు పెళ్ళల్లాగా అతుక్కుపోతుంది. దాన్ని గడ్డపారతో పొడిచి తీయాలి. విడివిడిగా తెమ్మంటే రైతులు నవ్వేవాళ్ళు. చేలో ఏది మిగిలితే అది బండికెత్తడమే వాళ్ళకు తెలిసిన పద్ధతి.

మా మేనేజరు డెల్టా వైపు మనిషి. అంతకుముందు చక్కెర ఫ్యాక్టరీల్లో చాలా ఏళ్ళు చేశాడు. ఆత్మకూరులో గది తీసుకుని, వండుకుని తిని, కడుపు మంటకి బిళ్ళలు చప్పరిస్తూ వచ్చేవాడు. "చెరకు ఫ్యాక్టరీకి చెరకే వస్తుందమ్మా. ఇక్కడ ఏ లారీలో ఏం దిగుతుందో దేవుడికే తెలియాలి" అనేవాడు, రోజుకొకసారైనా. పొట్టులో ఇసుక కలిసి వస్తోందని గేటు దగ్గర నిలబడి తనే జల్లెడ పట్టి చూసేవాడు. అందుకని జనం జల్లెడ సారని పేరు పెట్టారు. ఆయనకు ఆ సంగతి తెలుసు. నవ్వడం చేతకాని మనిషి కాబట్టి నవ్వలేదు. కోప్పడనూ లేదు.

యార్డు మేస్త్రిది సోమశిల ప్రాజెక్టు ముంపులో పోయిన ఊరు. "మా ఊరు నీళ్ళ కింద ఉండాది" అని, పక్క వీధిలో ఉంది అన్నంత మామూలుగా చెప్పేవాడు. పునరావాస కాలనీ నుంచి తన వెంట చాలా కుటుంబాల్ని తీసుకొచ్చి యార్డులో పనికి పెట్టించాడు. నోటి దురుసు మనిషి. నన్ను పదిమందిలో మేడం అనేవాడు, మామూలప్పుడు పాపా అనేవాడు. నేను అన్నా అనేదాన్ని. కుప్పలు వేయడంలో తనంతటి వాడు లేడని ఆయన నమ్మకం. గడ్డివామి వేసినట్టు అంచులు దిద్ది ఎంత ఎత్తుకైనా లేపేవాడు. "ఉదయగిరి కొండ పక్కన ఇంకో కొండ లేపతా చూడు" అనేవాడు. ఆయన గొప్పలు వినడం నాకు విసుగ్గానే ఉండేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ యార్డులో కాస్త ఉల్లాసంగా ఉన్న గొంతు అదొక్కటే.

నేను చెప్పబోయే ఏడాది వానలు సరిగా పడలేదు. కుంటలు సగం కూడా నిండలేదు. అయినా కందులూ శెనక్కాయలూ ఎంతో కొంత చేతికొచ్చాయి, వాటి చెత్త మాకొచ్చింది. సీజను అయిపోయేలోపు దొరికినంతా కొని నిలవ పెట్టమని హెడ్డాఫీసు ఫోన్ల మీద ఫోన్లు. సరిగ్గా అప్పుడే, ఎవరూ అనుకోని ఎండాకాలపు వాన ఒకటి పడింది. చెరువులు నింపేంత పెద్దది కాదు, చెత్తను తడిపేంత వాన.

తడి లోడు తీసుకోనని సారు మొదట గేటు మూయించాడు. సీతారామపురం వైపు నుంచి లారీ కట్టించుకొచ్చిన రైతులు అక్కడే రోడ్డు మీద కూర్చున్నారు. "ఇంత దూరం తెచ్చినాం సారూ. మళ్ళా తీసకపొమ్మంటే యాడికి తీసకపోతాం? లారీ బాడుగ ఎవురిస్తారు?" అని ఒకాయన అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు. సారు లోపలికి వెళ్ళి హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. తీసుకోండి, ఎండలో అదే ఆరుతుంది అన్నారట. తీసుకున్నాం. మేస్త్రి దాన్ని పరపించి రెండు రోజులు ఆరబెట్టి, కుప్పకెత్తేశాడు. ఇంతలో పొడి లోడ్లు వచ్చాయి. అవి దాని మీద పడ్డాయి.

కొన్నాళ్ళకు కుప్ప మీద పనిచేసే ఆడవాళ్ళలో ఒకామె నా దగ్గరికొచ్చి, "కుప్ప మీద అరికాళ్ళు కాలతా ఉండాయి మేడం. ఎండకి కాదు. నీడ పక్క గూడా" అంది. పొద్దున్నే వెళ్ళి చూస్తే కుప్ప నెత్తి మీద నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది. ఇనుప గొట్టం లోపలికి దింపి, దాంట్లో థర్మామీటరు వదిలాను. బయటికి తీసి చూసి, నమ్మకం లేక ఇంకోచోట దింపాను. అక్కడ ఇంకా ఎక్కువ ఉంది.

సారు మేస్త్రిని పిలిపించాడు.

"లోపల మగ్గుతోంది. కుప్ప విప్పి పరచాలి."

"ఏంది సార్, పేడ దిబ్బ ఏడెక్కదా? ఏడెక్కతాది, మళ్ళా చల్లారతాది. దీన్నంతా ఇప్పితే యాడ పరస్తాం? జాగా యాడుండాది?"

"పక్క చేను అడుగుదాం."

"అడగండి. అడిగి, ఇప్పి, మళ్ళా కట్టేలోపు ఎండాకాలం అయిపోతాది."

సారు హెడ్డాఫీసుకు చెప్పాడు. వాళ్ళూ మేస్త్రి మాటే అన్నారు, ఇంగ్లీషులో. ఇలా వారం గడిచింది. గొట్టం దింపిన ప్రతిసారీ పాదరసం ఇంకాస్త పైకి పోతోంది. చివరికి ఒక పొద్దున సారు ఎవరికీ ఫోన్ చేయకుండా, కుప్ప పడమటి పక్క నుంచి విప్పమన్నాడు. అది సరైన పనే. ఆలస్యంగా చేసిన సరైన పని. పైగా ఆ రోజు పడమటి గాలి.

ఇనుప పళ్ళ పంజాలతో పొట్టు లాగుతుంటే లోపల నల్లగా, బొగ్గులాగా కనిపించింది. పుల్లటి వాసన. పొగ మొదలైంది. మేస్త్రి "ఎనక్కి రండి, ఎనక్కి" అని ఆడవాళ్ళను దించాడు. అందరూ దిగారు, అదొక్కటి మా అదృష్టం. ఇన్నాళ్ళూ గాలి అందక లోపల్లోపల మగ్గుతున్నదానికి మేమే తలుపు తీశాం. మంట ముందు చిన్నగా, నేల బారున పాకింది. తర్వాత కుప్ప పొడుగునా లేచింది.

ఫ్యాక్టరీ సంపులో ఉన్న బోరు నీళ్ళు ఏ మూలకూ రాలేదు. ఫైరింజను వచ్చింది, తెచ్చిన నీళ్ళు కొట్టింది, మళ్ళీ నింపుకోవాలి నీళ్ళెక్కడ అని వాళ్ళే మమ్మల్ని అడిగారు. ఆ చుట్టుపక్కల ఉన్నది ఒకే ఒక్క కుంట, ఫ్యాక్టరీ పక్క పల్లెది. పొలాలకు వదలడం ఎప్పుడో మానేశారు. పల్లెలో గొడ్లన్నీ దాని మీదే బతుకుతున్నాయి.

ఇక్కడ మీరు ఊహించేది జరగలేదు. పల్లెవాళ్ళు కర్రలు పట్టుకుని అడ్డం రాలేదు. వాళ్ళలో చాలామంది ఆడవాళ్ళు మా యార్డులో కూలికి వచ్చేవాళ్ళే. బిందెలతో, బకెట్లతో అందరికంటే ముందు పరిగెత్తి వచ్చింది వాళ్ళే. ఆ పల్లె పెద్దాయన, భూమున్న రైతు, తన ఆయిలింజన్ను బండి మీద వేయించుకుని వచ్చాడు. "కుంటలో పెట్టండి, పైపులు కలపండి. ఫ్యాక్టరీ ఉంటే గదా మా జనానికి పని" అన్నాడు.

ఇంజను తిరిగింది. నీళ్ళు కుప్ప మీద పడ్డచోట మంట అణిగి తెల్లగా ఆవిరి లేచింది. ఆ పక్కనే ఇంకోచోట లేచింది. అక్కడ కొడితే మళ్ళీ మొదటిచోట. చాలాసేపు అలా జరిగాక పైపులో నీటి జోరు తగ్గింది. బురద లాగుతోందేమో చూసి రమ్మని సారు ఎవరినో పంపబోయి, మళ్ళీ తనే బయల్దేరాడు. నన్ను రమ్మన్నాడు.

కుంట గట్టెక్కి చూస్తే నీళ్ళు మధ్యకు పోయి ఉన్నాయి. చుట్టూ బురద బయటపడి, దాంట్లో చేపపిల్లలు కొట్టుకుంటున్నాయి. కొంగలు అప్పుడే దిగాయి. మధ్యాహ్నం నీళ్ళకు తోలుకొచ్చిన గేదెలు ఇంజను చప్పుడుకు బెదిరి, కిందికి దిగకుండా గట్టు మీద వరసగా నిలబడి ఉన్నాయి. పెద్దాయన ఇంజను పక్కన తలగుడ్డ విప్పి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇవి అయిపోతే మళ్ళీ ఎప్పుడు నిండుతుంది?" సారు అడిగాడు.

"కార్తీక మాసం వానలకు. పడితే."

"అంతవరకు గొడ్లు?"

"అమ్ముకుంటాం. ఈ ఏడు గిరాకీ ఉండదు, అందరూ అమ్మేవాళ్ళే. ఏం చేస్తాం సారూ. కానీండి, పైపు జరిపిస్తా, ఇంకా లోతుండాది ఆ పక్క."

సారు కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. నా వైపు తిరిగి, "ఈ మిగిలినవన్నీ కొడితే ఆరుతుందామ్మా?" అన్నాడు.

"పైన ఆరుతుంది సార్. లోపల ఆరుతుందని చెప్పలేను."

"ఆరదనైనా చెప్పగలవా?"

"అదీ చెప్పలేను సార్."

అది నిజం. ఇప్పటికీ అదే చెబుతాను. ఆయన కాసేపు గేదెల వైపు చూశాడు. తర్వాత వంగి, తన చేత్తోనే ఇంజను ఆపేశాడు. ఆ చప్పుడు పోయేసరికి దూరంగా మంట చిటపటలు వినిపించాయి. పెద్దాయన "ఏమైంది సారూ?" అంటూనే ఉన్నాడు, అటు పైపు దగ్గర నుంచి మేస్త్రి పరిగెత్తుకొచ్చాడు. మొహమంతా మసి.

"ఎవురు ఆపింది?"

"నేనే."

"ఎందుకు సార్? నీళ్ళుండాయి గదా ఇంకా."

"ఉన్నాయి. అందుకే ఆపాను."

మేస్త్రికి అర్థం కావడానికి క్షణం పట్టింది. "వాళ్ళే తోడుకోమంటా ఉంటే మధ్యలో మీకేంది సార్? ఆ కుప్ప పోతే మా కాలనీలో ఎవురికీ పనుండదు. మీరు ఇంకో ఊరు పోతారు, ఇంకో ఉద్యోగం చూసుకుంటారు. మేం యాడికి పోవాల? ఒకసారి ఊరు ఇడిసి వచ్చినాం. మళ్ళా ఇడవమంటారా?"

సారు ఇంజను తిప్పే హ్యాండిల్ తీసుకుని చంకలో పెట్టుకున్నాడు. మేస్త్రి దాని కోసం చెయ్యి చాచి, అంత మందిలో సారు మీద చెయ్యి వేయలేక ఆగిపోయాడు. అప్పుడు తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను. సారు భార్యనూ పిల్లలనూ కూడా వదల్లేదు. సారు వింటూనే గట్టు దిగి ఫ్యాక్టరీ వైపు నడిచాడు. నేను ఇద్దరి మధ్యా నిలబడిపోయాను. ఎవరి వైపు కదలాలో నాకు తెలియలేదు. చివరికి సారు వెనకే వెళ్ళాను, ఎందుకంటే పని అటు ఉంది.

"కుప్ప పోయింది. దాన్ని వదిలేయండి" అని సారు అందరికీ చెప్పాడు. "ఆసిడ్ ట్యాంకు దగ్గరికి మంట రాకూడదు. మధ్యలో పొట్టు ఒక్క పరక లేకుండా ఊడ్చేయండి. మట్టి పోయండి." సంపులో మళ్ళీ ఊరిన కాసిని నీళ్ళూ ఆ ట్యాంకు మీదే పోశాం. సారు పార పట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ మనిషి, పార పట్టడం రాదు, చేతులు బొబ్బలెక్కాయి. మేస్త్రి కాసేపటికి కాలనీ మనుషులతో వచ్చాడు. పొద్దు గూకే వరకు మట్టి ఎత్తించాడు. షెడ్డూ, కుక్కరూ, ఆసిడ్ ట్యాంకూ మిగిలాయంటే మేస్త్రి వల్లే. కుప్ప మాత్రం రోజుల తరబడి కాలింది. గాలి అటు తిరిగినప్పుడల్లా మాడిన బాదం వాసన పల్లె మొత్తం కమ్మేది.

హెడ్డాఫీసు నుంచి ఇద్దరు కారులో వచ్చారు. నీళ్ళుండి, ఇంజనుండి, ఊరివాళ్ళు ఒప్పుకుని ఉండి, ఎందుకు ఆపారని అడిగారు. "ఆపింది నేను" అని తప్ప సారు ఇంకేమీ చెప్పలేదు. వాళ్ళలో ఒకాయన నన్ను పిలిచి, ఆ నీళ్ళతో మంట ఆరేదా లేదా చెప్పమన్నాడు.

"చెప్పలేను సార్."

"కెమిస్టువి, నువ్వు చెప్పలేకపోతే ఎలా?"

"కెమిస్టును కాబట్టే చెప్పలేను సార్."

పొగరనుకున్నాడు. పొగరు కాదు, అలిసిపోయి ఉన్నాను.

సారును తీసేశారు. ఆయన వెళ్ళే రోజు ఆత్మకూరు బస్టాండుకు నేనూ, మా బాయిలర్ నడిపే అతనూ వెళ్ళాం. ఒక పెట్టె, ఒక కిరసనాయిలు స్టవ్వు, అంతే సామాను. బస్సు కదలబోయే ముందు, నేను అడగకుండానే అన్నాడు. "నేను పెద్దగా ఆలోచించి చేశానని ఎవరైనా అంటే నమ్మకమ్మా. ఆ గేదెలు అలా నిలబడి చూస్తుంటే ఆ ఇంజను చప్పుడు నేను భరించలేకపోయాను. అంతే."

ఉడికించడానికి పొట్టు లేక, మళ్ళీ సీజనుదాకా నడిపే ఓపిక హెడ్డాఫీసుకు లేక, ఫ్యాక్టరీ మూతపడింది. కుక్కరును పాత ఇనుము కింద ముక్కలు చేసి తీసుకుపోయారు. ఆ ఎండాకాలం కుంట అడుగంటలేదు. ఇది విని మీరు సంతోషించే ముందు మిగతాది కూడా వినండి. పని లేక కాలనీ జనం మద్రాసుకూ నెల్లూరుకూ కట్టుబడి పనులకు పోయారు. పల్లె నుంచీ చాలామంది పోయారు. పోయేవాళ్ళు గొడ్లను ఎవరి మీద వదిలిపోతారు? అమ్మే పోయారు. కుంటలో నీళ్ళున్నాయి, తాగే గేదెలు సగానికి తగ్గాయి. మిగిలిన సగం మాత్రం బతికాయి. పెద్దాయన ఇంట్లో ఒక గేదె ఈనితే జున్నుపాలు మా ఇంటికి పంపించాడు. నేను తాగలేకపోయాను, మా అవ్వ తాగింది.

తర్వాత నాకు నీళ్ళు పరీక్ష చేసే లాబులో ఉద్యోగం వచ్చింది. రిటైరయ్యేదాకా అదే చేశాను. సీసాల్లో వచ్చిన నీళ్ళు, వాటి ఉప్పు, వాటి ఫ్లోరైడు. ఉన్నదున్నట్టు చెప్పే పని. నాకు అది సరిపోయింది. చెత్త అన్న మాట మాత్రం ఆ ఫ్యాక్టరీ తర్వాత తేలిగ్గా వాడలేకపోయాను. మేం కొన్న ఆ కందికట్టె ఎవరి పొయ్యిలోకో పోవాల్సింది. ఆ కంప ఎవరి దొడ్డికో కంచె కావాల్సింది. మెట్టలో ఏదైనా ఊరికే పడి ఉందని మీకు అనిపిస్తే, ఇంకోసారి చూడండి. ఇంతకంటే సలహాలు చెప్పే ఓపిక లేదు.

చాలా ఏళ్ళకు, నేను రిటైరవబోయే రోజుల్లో, ఆత్మకూరు బస్టాండులో మేస్త్రి కనిపించాడు. నేను గుర్తుపట్టలేదు, ఆయనే "పాపా" అని పిలిచాడు. నాకు జుట్టు నెరిసినా ఆయనకు నేను పాపనే. మద్రాసులో చాలాకాలం చేసి తిరిగి వచ్చేశాడట. మోకాళ్ళు పనిచేయడం లేదు. ఇద్దరం బెంచీ మీద కూర్చున్నాం.

"ఆ జల్లెడ సారు ఏమైనాడు?" అన్నాడు.

"పోయారన్నా. రెండేళ్ళయింది. బాయిలర్ అతను చెప్పాడు."

ఆయన ఎదురుగా సోడా బండివాడు సీసాలు కడుగుతుంటే చూస్తూ కూర్చున్నాడు.

"ఆ పొద్దు నేను తిట్టిన తిట్లు ఇనినావు గదా."

"విన్నాను."

"వాటిలో ఒక్క మాట గూడా ఎనక్కి తీసుకోను పాపా. మా ఆడోళ్ళు మద్రాసులో ఇటికెలు మోసినారు." బస్సు వచ్చి నిలబడింది. ఆయన నా భుజం ఆసరా చేసుకుని లేచాడు. "అయినా ఆయన పోయినప్పుడు ఎవురన్నా ఒక మాట చెప్పుండాల్సింది. యాడున్నా పోయి చూసొచ్చేవాణ్ణి."